కౌంటీ బౌలర్ బతుకు: మబ్బు పట్టినంత మాత్రాన వికెట్లు రాలవు

మూడు వేసవులు ఇంగ్లండ్‌లో క్లబ్ క్రికెట్ ఆడాను. దగ్గర్లో ఉన్న ఒక కౌంటీ జట్టుకి (కౌంటీ అంటే అక్కడి జిల్లాలాంటిది, మన రంజీ జట్లలాగే వాటికీ జట్లుంటాయి) అప్పుడప్పుడు నెట్ బౌలర్‌గా, అంటే ప్రాక్టీసులో బ్యాట్స్‌మన్లకి బంతులు వేయడానికి, వెళ్లేవాణ్ణి. నా ఘనత అంతవరకే. ఇప్పుడు విశాఖలో పిల్లలకి ఫాస్ట్ బౌలింగ్ నేర్పుతున్నాను. కౌంటీ క్రికెట్ అనగానే పిల్లలూ వాళ్ల నాన్నలూ అడిగేవి కొన్ని మారకుండా ఉంటాయి. వాటికి జవాబులే ఇవి.

అపోహ: అక్కడ మబ్బు పడితే చాలు, బంతి దానంతటదే స్వింగ్ అవుతుంది, అంటే గాల్లోనే పక్కకి వంగుతుంది.

నా మొదటి మ్యాచ్ ఏప్రిల్‌లో. ఆకాశం నిండా మబ్బు, చేతిలో ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ కంపెనీ కొత్త బంతి. ఇంకేం, ఐదు వికెట్లు ఖాయం అనుకున్నా. తీరా చూస్తే చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. వేలు సీమ్ (బంతి మధ్య కుట్టు) మీద ఉందో పక్కకి జరిగిందో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియలేదు. రెండు స్వెటర్లు తొడుక్కోవడంతో చెయ్యి పూర్తిగా పైకి లేవలేదు. నేల తడిగా ఉండి ముందు కాలు ఆనే చోట గుంట పడింది. బకెట్‌తో రంపపు పొట్టు తెచ్చి పోశారు. బంతి స్వింగ్ అయింది, నిజమే. లెగ్ స్టంప్ దగ్గర మొదలై కీపర్‌కి అందకుండా బౌండరీకి పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

మబ్బుకీ స్వింగ్‌కీ ఉన్న సంబంధం గురించి శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. బౌలర్లకి తెలిసిందల్లా బంతి సంగతి. డ్యూక్స్‌కి ఆరు వరసల కుట్టూ చేత్తోనే వేస్తారు. అందుకే సీమ్ ఎత్తుగా ఉంటుంది, ఓ పట్టాన అణగదు. ఒక వైపు మెరుగు పెడుతూ కాపాడుకుంటే చాలాసేపు పనిచేస్తుంది. ఆస్ట్రేలియా కంపెనీ బంతి కూకబురాకి మధ్య రెండు వరసలే చేతి కుట్టు, మిగతాదంతా మిషన్ కుట్టు. సీమ్ త్వరగా చదునైపోతుంది. ఇంగ్లండ్ బోర్డు 2023లో రెండు రౌండ్లు, 2024లో నాలుగు రౌండ్లు కౌంటీ ఛాంపియన్‌షిప్‌ని (కౌంటీల మధ్య నాలుగు రోజుల మ్యాచ్‌ల పోటీ) కూకబురాతో ఆడించింది. 2025 జూన్ చివర్లో అదే బంతితో ఓవల్‌లో డర్హమ్ మీద సర్రే 9 వికెట్లకి 820 పరుగులు కొట్టి డిక్లేర్ చేసింది. డామ్ సిబ్లీ ఒక్కడే 305. ఆ రెండు రోజులూ డర్హమ్ బౌలర్లు ఎంత చాకిరీ చేసి ఉంటారో ఊహించుకోండి.

మన సిరాజ్ 2022 సెప్టెంబర్‌లో వార్విక్‌షైర్ తరఫున తొలి మ్యాచ్‌లోనే సోమర్సెట్ మీద 82 పరుగులకి 5 వికెట్లు తీశాడు. 'చూశారా, ఇంగ్లండ్‌లో ఎంత సులువో' అని మావాళ్లు దాన్నే చూపిస్తారు. అతను అప్పటికే టెస్ట్ బౌలర్ అన్న సంగతి మాత్రం మర్చిపోతారు.

అపోహ: దేశానికి ఆడకపోతే కౌంటీ బౌలర్ ఫెయిలైనట్టే.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గ్లామోర్గన్‌కి డాన్ షెపర్డ్ అని ఒకాయన 1950 నుంచి 1972 దాకా ఆడాడు. ఫస్ట్‌క్లాస్ (రోజుల తరబడి సాగే పెద్ద మ్యాచ్‌లు) వికెట్లు 2,218. టెస్టులు సున్నా. ఒక్క టెస్టూ ఆడనివాళ్లలో ఇన్ని వికెట్లు తీసినవాడు ఇంకొకడు లేడు. మొదట్లో కాస్త వేగంగా వేసేవాడు, ఆ దారి మూసుకుపోతుంటే ఆఫ్ కట్టర్లకి (పిచ్ మీద పడ్డాక లోపలికి తిరిగే బంతులు) మారాడు. మారాక 1956లో ఒక్క సీజన్లోనే 177 వికెట్లు.

హ్యాంప్‌షైర్ డెరెక్ షాకిల్టన్‌ది మరీ విచిత్రం. 1949 నుంచి 1968 వరకు వరసగా 20 సీజన్లు, ప్రతి సీజన్లోనూ వందకి తగ్గలేదు. మొత్తం 2,857 వికెట్లు. మీడియం పేసర్, రనప్ కూడా పొడుగు కాదు. ఉదయం పదకొండున్నరకి ఏ చోట బంతి వేశాడో సాయంత్రం ఆరుకీ అక్కడే వేసేవాడు. అంతటివాడికి దక్కినవి ఏడు టెస్టులే. 1963లో, పదకొండేళ్లు పక్కన పెట్టాక, 38 ఏళ్ల వయసులో పిలిచి లార్డ్స్‌లో వెస్టిండీస్ మీద ఆడిస్తే నాలుగు బంతుల్లో మూడు వికెట్లు తీసి ఇన్నింగ్స్ ముగించాడు. ఆ ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు నడుం నొప్పితో లేచి ఉంటాడు! అయినా మర్నాడు మళ్లీ రనప్ గుర్తు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నా దృష్టిలో కౌంటీ బౌలర్ అంటే అదీ.

ఈ కాలంలో అయితే లాంకషైర్ గ్లెన్ చాపుల్. ఫస్ట్‌క్లాస్‌లో 985 వికెట్లు, ఇంగ్లండ్‌కి ఆడింది 2006లో ఐర్లాండ్ మీద ఒకే ఒక్క వన్డే. కానీ 2011లో లాంకషైర్ 1934 తర్వాత మొదటిసారి ఎవరితోనూ పంచుకోకుండా ఛాంపియన్‌షిప్ టైటిల్ గెలిస్తే కెప్టెన్ అతనే. ఆఖరి మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసినా కుంటుతూ బౌలింగ్ చేశాడు. మాంచెస్టర్‌లో ఎవరినైనా అడగండి, అతను ఫెయిలయ్యాడేమో.

అపోహ: గంటకి 140 కిలోమీటర్ల వేగం లేకపోతే అక్కడ పనికిరాం.

డారెన్ స్టీవెన్స్ వేగం మన స్కూల్ పిల్లల్లో గట్టివాళ్లకి కాస్త ఎక్కువ. కెంట్‌కి బ్యాట్స్‌మన్‌గా వచ్చి, ముప్ఫై ఐదు దాటాక అసలు బౌలర్ అయ్యాడు. 2019లో ఇక వద్దని పంపించేద్దామనుకున్నారు. ఆ సెప్టెంబర్‌లోనే హెడింగ్లీలో యార్క్‌షైర్ మీద 237 కొట్టి, ఐదు వికెట్లు తీశాడు. కెంట్ వాళ్లు మాట వెనక్కి తీసుకుని కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. 2022లో వదిలేసేటప్పటికి అతనికి 46. ముప్ఫై దాటితే బౌలర్ ముసలాడైపోతాడనే అపోహకి కూడా ఇదే జవాబు, వేరే చెప్పను.

అపోహ: ఇంగ్లండ్‌లో స్పిన్నర్‌కి పని ఉండదు.

ఇది సగం నిజం. కెంట్ లెగ్ స్పిన్నర్ టిచ్ ఫ్రీమన్ 1928లో ఒక్క సీజన్లో 304 వికెట్లు తీశాడు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. అప్పట్లో పిచ్‌లు కప్పేవాళ్లు కాదు, వానకి తడిసి ఎండకి ఆరే పిచ్ మీద స్పిన్నర్‌దే రాజ్యం. ఇప్పుడు పిచ్ కప్పేస్తారు, పైగా ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు చాలావరకు ఏప్రిల్, మే, సెప్టెంబర్లలోకి నెట్టేశారు. జులై, ఆగస్టు ఎండలు టీ20లకీ హండ్రెడ్‌కీ (ఒక్కో జట్టు వంద బంతులు ఆడే పోటీ) పోతున్నాయి. స్పిన్నర్లు గొణుక్కోవడంలో తప్పేం లేదు.

అపోహ: కౌంటీ కాంట్రాక్ట్ వస్తే జీవితం సెటిల్.

ఒకప్పుడు జీతం వేసవికే. చలికాలం వచ్చిందంటే ఆటగాళ్లు వేరే పని చూసుకోవాల్సిందే. ఈ కష్టాలు చూసే సోమర్సెట్ ఫాస్ట్ బౌలర్ ఫ్రెడ్ రమ్సే 1967లో ఆటగాళ్ల సంఘం పెట్టించాడు. చూశారా, అదీ బౌలరే! చాలా ఏళ్లు ఒకే కౌంటీకి సేవ చేసినవాడికి బెనిఫిట్ సంవత్సరం ఇస్తారు. ఆ ఏడాది విందులు, వేలంపాటలు, గోల్ఫ్ పోటీలు పెట్టి డబ్బు పోగు చేస్తారు. 2017 నుంచి లక్ష పౌండ్లు దాటితే దాని మీదా పన్ను ఉంది. కాంట్రాక్టులు రెండేళ్లో మూడేళ్లో ఉంటాయి. ఆఖరి ఏడాది నడుం పట్టేసిందంటే టెన్షనే.

అపోహ: రోజూ ఎన్ని ఓవర్లు వేస్తే అంత మంచి బౌలర్.

ఇక్కడే మా నెట్స్‌లో రోజూ గొడవ. ఎదిగే వయసులో అతిగా వేస్తే వెన్నెముక కింది భాగంలో ఎముక సన్నగా చిట్లుతుంది. కుడిచేతి బౌలర్‌కి సాధారణంగా ఎడమ పక్కన. నెలల తరబడి బంతి ముట్టుకోకూడదు. అందుకే ఇంగ్లండ్‌లో వయసుని బట్టి ఒక స్పెల్‌లో (విరామం లేకుండా ఒక విడతలో) ఎన్ని ఓవర్లు, రోజుకి ఎన్ని అని పరిమితి పెట్టారు. అంపైర్ కూడా పట్టించుకుంటాడు.

నేనూ మా పిల్లలందరికీ తలా ఒక నోట్‌బుక్ ఇచ్చాను, ఏ రోజు ఎన్ని బంతులు వేశారో రాయమని. పదిహేనేళ్ల కుర్రాడొకడు బుద్ధిగా రాస్తాడు: సోమవారం 36, బుధవారం 42, గురువారం విశ్రాంతి. మొన్న వాళ్ల నాన్న ఆ పుస్తకం పట్టుకొచ్చి గురువారాల మీద వేలు పెట్టి చూపించాడు. "సార్, నెలకి నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి. ఫీజులో తగ్గిస్తారా?"