కాన్ఫెడరేషన్స్ కప్: శాపం కథ, మరికొన్ని అపోహలు

ఫుట్‌బాల్ గణాంకాల పట్టికలు తయారుచేయడం నా వృత్తి. మా పనిలో స్కోరు కంటే ముందు జట్ల జాబితా రాస్తాం. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తెలియకపోతే స్కోరు వట్టి అంకెలే. ఖండాల విజేతలతో పాటు మరికొన్ని జట్లు తలపడేలా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా జరిపిన టోర్నీ కాన్ఫెడరేషన్స్ కప్. దాని గురించి వినిపించే మాటల్లో చాలావరకు ఆ జాబితా చూడకుండా అన్నవే. టోర్నీ ఆగిపోయి ఏళ్లయినా, ప్రపంచకప్ దగ్గరపడిన ప్రతిసారీ అవే మాటలు మళ్లీ మొదలవుతాయి.

అపోహ: ఈ కప్పు గెలిచిన జట్టుకు శాపం తగులుతుంది, తర్వాతి ప్రపంచకప్ దక్కదు.

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇంతకాలం నిలిచింది. 1992 నుంచి 2017 వరకు పది టోర్నీలు జరిగాయి. విజేతల్లో ఒక్క జట్టు కూడా ఆ తర్వాత వచ్చిన ప్రపంచకప్ గెలవలేదు. 2001లో గెలిచిన ఫ్రాన్స్ 2002లో ఒక్క గోలైనా కొట్టకుండా గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. 2013లో మారకానా మైదానంలో స్పెయిన్‌ను 3-0తో ఓడించిన బ్రెజిల్, ఏడాది తిరిగేసరికి సొంతగడ్డ మీదే జర్మనీ చేతిలో 7-1తో కుప్పకూలింది.

ఇప్పుడు జాబితా తీద్దాం. 1994లో ప్రపంచకప్ గెలిచిన బ్రెజిల్ 1992లో లేదు. 1998లో ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్, 1997 కాన్ఫెడరేషన్స్ కప్‌లో ఆడనే లేదు. 2006 విజేత ఇటలీ 2005లో లేదు. 2014 విజేత జర్మనీ 2013లో లేదు. 2018లో మళ్లీ గెలిచిన ఫ్రాన్స్ 2017లోనూ లేదు. అసలు బరిలోనే లేని జట్టు ప్రపంచకప్ ఎగరేసుకుపోతే, బరిలో గెలిచినవాళ్లకు శాపం తగిలిందనడం ఏం లెక్క? మిగిలినవి 2002 బ్రెజిల్, 2010 స్పెయిన్. బ్రెజిల్ 2001లో ప్రధాన ఆటగాళ్లను పంపలేదు. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో ఆస్ట్రేలియా చేతిలో 1-0తో ఓడింది. కోచ్ ఎమర్సన్ లియావో పదవి పోయింది, స్కొలారి వచ్చాడు, మరుసటి ఏడాది కప్పు వచ్చింది. స్పెయిన్ 2009 సెమీఫైనల్లో అమెరికా చేతిలో 2-0తో ఓడింది. 35 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని జట్టు అది!

2017 జర్మనీ ఉదాహరణను మాత్రం అందరూ తప్పుగానే చెబుతారు. ‘కాన్ఫెడరేషన్స్ కప్ గెలిచిన జట్టే 2018లో గ్రూప్ దశ దాటలేదు’ అంటారు. అదే జట్టా? హుమ్మెల్స్, క్రూస్, ఓజిల్, ముల్లర్‌లకు కోచ్ యోకిమ్ లోవ్ విశ్రాంతినిచ్చి కుర్రాళ్లను రష్యాకు తీసుకెళ్లాడు. కెప్టెన్ డ్రాక్స్లర్‌కు అప్పటికి 23 ఏళ్లు. సెయింట్ పీటర్స్‌బర్గ్ ఫైనల్లో చిలీపై 1-0 విజయానికి గోల్ కొట్టిన స్టిండల్ గాయం వల్ల మరుసటి ఏడాది ప్రపంచకప్‌కే వెళ్లలేదు. ఆ ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో, 2018లో మెక్సికో చేతిలో ఓడిన తొలి మ్యాచ్‌ను మొదలుపెట్టినవాళ్లు ముగ్గురే: కిమ్మిష్, డ్రాక్స్లర్, వెర్నర్. నన్నడిగితే, గెలిచిన కుర్రాళ్లను పక్కనపెట్టి పాతవాళ్లను వెనక్కి తేవడం మీద చర్చ జరగాలి. శాపం మీద కాదు.

అపోహ: అది పేరుకే టోర్నీ, నిజానికి స్నేహపూర్వక మ్యాచ్‌ల జాతర.

కొన్ని పెద్ద జట్లు అలాగే చూశాయి, నిజమే. 1996 యూరో (యూరప్ దేశాల టోర్నీ) విజేత జర్మనీ 1997లో రానంది, దాని బదులు చెక్ రిపబ్లిక్ జట్టు ఆడింది. 1999లో ప్రపంచ విజేత ఫ్రాన్స్ రాలేదు. 2003లో జర్మనీ మళ్లీ తప్పుకుంది. కానీ ఫిఫా ర్యాంకుల లెక్కలో, 2018కి ముందున్న పద్ధతిలో, స్నేహపూర్వక మ్యాచ్ విలువ 1 అయితే కాన్ఫెడరేషన్స్ కప్ మ్యాచ్ విలువ 3. ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌కు 2.5 మాత్రమే. మాలాంటివాళ్ల పట్టికల్లో ఇది ఎన్నడూ స్నేహపూర్వకం కాదు.

పట్టికలో 2003 వరుస దగ్గరికి వస్తే ఈ వాదన చేయాలని కూడా అనిపించదు. ఆ ఏడాది జూన్ 26న లియోన్‌లో కొలంబియాతో సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే మైదానంలోనే కుప్పకూలి మరణించాడు. మూడు రోజులకే ఫైనల్ జరిగింది. అదనపు సమయంలో హెన్రీ కొట్టిన గోల్డెన్ గోల్‌తో (పడగానే మ్యాచ్ ముగిసే గోల్) ఫ్రాన్స్ 1-0తో గెలిచింది. పట్టికలో ఆ మ్యాచ్‌కు ఉన్నది ఒక గోలు, ఒక నిమిషం. అంతే.

అపోహ: చిన్న జట్లు సంఖ్య నింపడానికే వచ్చేవి.

దీనికి అందరూ చూపించేది 2013లో ఆడిన పసిఫిక్ ద్వీపం తహితీని. స్పెయిన్ చేతిలో 10-0, ఉరుగ్వే చేతిలో 8-0, నైజీరియా చేతిలో 6-1. మొత్తం 24 గోల్స్ ఇచ్చి ఒక్కటి కొట్టారు, ఆ ఒక్కదానికీ బ్రెజిల్ ప్రేక్షకులు పొంగిపోయారు. కానీ తహితీ ఓషియానియా విజేతగా వచ్చింది, ఎవరో పిలిస్తే రాలేదు. ఇక ఫైనల్స్ చూడండి. సౌదీ అరేబియా (1992), ఆస్ట్రేలియా (1997), మెక్సికో (1999), జపాన్ (2001), కామెరూన్ (2003), అమెరికా (2009). పదింటిలో ఆరు ఫైనల్స్‌లో యూరప్, దక్షిణ అమెరికాలకు బయటి జట్టు ఉంది. మెక్సికో అయితే సొంత మైదానం అజ్టెకాలో బ్రెజిల్‌ను 4-3తో ఓడించి కప్పే గెలిచింది. పురుషుల ప్రపంచకప్ ఫైనల్‌కు 2022 వరకు అలాంటి జట్టు ఒక్కటీ చేరలేదు. ఈ టోర్నీ పోవడం వల్ల నిజంగా నష్టపోయింది ఈ జట్లేనని నా అభిప్రాయం.

అపోహ: ఖండాల విజేతలు మాత్రమే ఆడేవారు.

1997 నుంచి ఆరు ఖండాల సమాఖ్యల విజేతలతో పాటు ప్రపంచ విజేత, ఆతిథ్య దేశం కలిపి ఎనిమిది జట్లు. ఒకే జట్టుకు రెండు హోదాలు వస్తే రన్నరప్‌కు తలుపు తెరుచుకునేది. 2013లో స్పెయిన్ ప్రపంచ విజేతా, యూరో విజేతా కావడంతో ఇటలీ వచ్చింది అలాగే.

అపోహ: కొవిడ్ వల్ల రద్దయింది.

ఫిఫా ఈ నిర్ణయాన్ని ప్రకటించింది 2019 మార్చిలో, మయామీ సమావేశంలో. అప్పటికి కొవిడ్ పేరే లేదు. ప్రపంచకప్‌కు ఏడాది ముందు ఆతిథ్య దేశంలో ఈ టోర్నీ జరపడం అప్పటికి ఆనవాయితీ. జూన్, జులై ఎండల్లో 2022 ఆతిథ్య దేశం ఖతార్‌లో అది కుదరదు, శీతాకాలానికి జరిపితే క్లబ్బుల లీగ్‌లకు అడ్డం. పైగా ఫిఫా మనసు క్లబ్ ప్రపంచకప్ మీద ఉంది. 2021 వేసవిని 24 క్లబ్బుల టోర్నీకి కేటాయించింది. కొవిడ్ దెబ్బ తిన్నది ఆ కొత్త టోర్నీ! చివరికి 2025లో అమెరికాలో 32 క్లబ్బులతో జరిగింది.

అపోహ: ఫైనలిసిమా అంటే కొత్త పేరుతో అదే కప్పు.

కాదు. అది ఫిఫాది కాదు. యూరప్, దక్షిణ అమెరికా సమాఖ్యలు కలిసి తమ విజేతల మధ్య పెట్టుకున్న ఒక్క మ్యాచ్. దాని పూర్వరూపం 1985లోనే ఉంది, అప్పుడు ఫ్రాన్స్ ఉరుగ్వేపై 2-0తో గెలిచింది. 2022 జూన్ 1న వెంబ్లీలో అర్జెంటీనా 3-0తో ఇటలీని ఓడించి, డిసెంబరులో ప్రపంచకప్ కూడా గెలిచింది. శాపం లేదనడానికి కొందరు దీన్ని సాక్ష్యంగా చూపిస్తారు. నేను చూపించను. ఆ రోజు ఎదురుగా నిలిచిన ఇటలీ, అదే ఏడాది మార్చిలో ఉత్తర మాసిడోనియా చేతిలో ఓడి ఆ ప్రపంచకప్‌కు అర్హతే కోల్పోయిన జట్టు.