పిల్లల్లో సీఎంఎల్: కౌంట్ నార్మల్ అయితే జబ్బు పోయినట్టేనా?

సీఎంఎల్ అంటే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్.

అపోహ: తెల్లకణాలు దిగొచ్చాయి, ప్లీహం వాపు తగ్గింది. ఇక మాత్రలెందుకు?

వాస్తవం: పిల్లలకు ఎక్కువ చేటు చేసే నమ్మకం ఇదే. సీఎంఎల్‌కు ఇచ్చే ఇమాటినిబ్ మాత్రలు మొదలుపెట్టాక కొన్ని వారాలకే పిల్లలు ఆటల్లో పడతారు, సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) కూడా శుభ్రంగా వస్తుంది. కానీ ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (ఈ జబ్బుకు మూలమైన జన్యు మార్పు) ఉన్న కణాలు ఎముక మజ్జలో ఇంకా ఉంటాయి. వాటి లెక్క తేల్చేది బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ అనే జన్యు పరీక్ష. దాన్ని 3 నెలలకోసారి చేయించాలి. అంతర్జాతీయ స్కేలు మీద ఫలితం 3 నెలలకు 10 శాతం, 6 నెలలకు 1 శాతం, ఏడాదికి 0.1 శాతం మించకూడదు.

అంకె పెరుగుతుంటే మందు పనిచేయడం లేదనుకునే ముందు డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. టీనేజీ పిల్లల విషయంలో ఇది మరీ అవసరం. మందు తప్పుతూ పోయి జబ్బు చివరి, ముదిరిన దశ అయిన బ్లాస్ట్ క్రైసిస్‌లోకి జారితే, మళ్లీ దారికి తేవడం చాలా కష్టం.

మాత్ర మింగలేని పిల్లలకు ఇమాటినిబ్‌ను 100 మి.గ్రా.కు 50 మి.లీ. చొప్పున నీళ్లలోనో యాపిల్ రసంలోనో వేసి, విడిపోయేదాకా కలిపి వెంటనే తాగించండి. గ్లాసు అడుగున మిగిలింది వదిలేస్తే మోతాదు తగ్గినట్టే. ఇమాటినిబ్ తిండితోపాటు ఇవ్వాలి, లేదంటే వికారం. నిలోటినిబ్‌ (సీఎంఎల్‌కే వాడే మరో మందు) క్యాప్సూల్స్ దీనికి పూర్తిగా విరుద్ధం: తిన్న 2 గంటల తర్వాతే వేయాలి, వేశాక గంటపాటు ఏమీ తినకూడదు. పక్క బెడ్ వాళ్ల సలహా ఇక్కడే కొంప ముంచుతుంది. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండింతలు వేయకండి.

ఇమాటినిబ్ మోతాదు శరీర ఉపరితలానికి చదరపు మీటరుకు 340 మి.గ్రా., రోజుకు గరిష్ఠంగా 600. 0.9 చదరపు మీటర్ల పిల్లకు సుమారు 300 పడుతుంది, 1.2కి ఎదిగితే 400 కావాలి. పాత చీటీతోనే నెట్టుకొస్తే మందు చాలదు.

అపోహ: తెల్లకణాల కౌంట్ 2 లక్షలు దాటితే చివరి దశ.

కాదు, కంగారు పడకండి. పిల్లల్లో క్రానిక్ దశలోనే (జబ్బు తొలి దశ) అంత ఉండటం మామూలు. దశను చెప్పేది ముఖ్యంగా బ్లాస్ట్ కణాల (ఎదగని రక్తకణాల) శాతం.

వంశపారంపర్యమా? కాదు. అంటుకుంటుందా? అసలే కాదు. మజ్జ మార్పిడి తప్పదా? మాత్రలకు లొంగనప్పుడో, జబ్బు ముదిరినప్పుడో ఆలోచిస్తారు.

ఈ మాత్రలతో ఎత్తు తగ్గుతుందన్నది మాత్రం పుకారు కాదు. యుక్తవయసు రాకముందు మొదలుపెట్టిన పిల్లల్లో ఎదుగుదల మందగించవచ్చు. వచ్చినప్పుడల్లా ఎత్తు కొలిపించండి, సొంతంగా మోతాదు కోయకండి.

జీవితాంతం వాడాలా? పెద్దల్లో ఏళ్ల తరబడి పీసీఆర్‌లో జబ్బు దాదాపు కనిపించని వాళ్లు డాక్టరు పర్యవేక్షణలో ఆపితే, సుమారు సగం మందికి తిరగబెట్టలేదు. పిల్లల్లో ఈ పరిశోధన ఇంకా నడుస్తోంది. బాల్య ల్యుకేమియాల్లో సీఎంఎల్ వాటా 2-3 శాతమే కాబట్టి ఆధారాలు మెల్లగా పోగవుతున్నాయి. అలా ఆపినా మొదట్లో నెలనెలా పీసీఆర్ తప్పదు, 0.1 శాతం దాటితే మందు మళ్లీ మొదలుపెడతారు.