ఒక పక్క 1526, ఇంకో పక్క 2504

పటమట, విజయవాడ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగం ఏమిటంటే మీ కంప్యూటర్ డబ్బాని ‘ఆదిత్య 369’ సినిమా వరసలో తయారు చేయాలి, దానికి తాతయ్య రంగు వేసిపెట్టాలి. మీరు ఫోన్ పెట్టేయగానే మీ అమ్మ చేసింది, “పరీక్షల ముందు ఇదేం పని నాన్నా” అని. ఆ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. రంగు సంగతి నేను చెబుతాను. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని కాగితం మీద పెడుతున్నా.

ముందు ఒక మాట. మీ నాన్నతో సహా అందరూ ఆ డబ్బాని సీపీయూ అంటారు. సీపీయూ అంటే లోపల బిస్కెట్ అంత ఉండే చిప్పు. బయటిది క్యాబినెట్. కొట్టుకెళ్లి సీపీయూకి రంగు వేయాలని చెబితే నవ్వుతారు. నన్ను చూసి నవ్వారు కాబట్టి చెబుతున్నా.

నేను ఆటోనగర్లో ముప్పై ఏళ్లు లారీ బాడీలకు రంగులేశాను. అంతకుముందు నాలుగేళ్లు గాంధీనగర్లో సినిమా బ్యానర్లు గీసే మేస్త్రి దగ్గర రంగులు కలిపాను. పని మానేశాక ఊరికే కూర్చోలేక మా వీధి కుర్రాళ్ల క్యాబినెట్లు ఐదారు చేసిపెట్టా. వాటిలో ఒకటి చెడగొట్టా కూడా. దాని కథ కిందకొస్తుంది.

సినిమా పేరు చెప్పగానే అందరూ చేసే పని, పోస్టర్ ప్రింట్ తీయించి పక్కన అంటించడం. అది సిటీ బస్సు వెనక ప్రకటనలా ఉంటుంది. హీరో బొమ్మ వద్దు. ఆ సినిమాలో అసలు సరుకేమిటో చూడండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీశారు. కాలయంత్రం వెనక్కి వెళ్లి 1526లో రాయలవారి దగ్గర దిగుతుంది, ముందుకెళ్లి 2504లో తేలుతుంది. రెండు కాలాలు. మీ క్యాబినెట్‌కీ రెండు పక్కలున్నాయి కదా! ఎడమ పక్క గాజు పలక, లోపలి లైట్లు కనిపించేది. అది 2504. కుడి పక్క ఉత్త రేకు పలక, దాని వెనక వైర్లు దాచుకుంటారు. అది 1526.

రాయలు మనకి దూరపువాడేం కాదు. 1515లో ఆయన గెలిచిన కొండవీడు మీ గుంటూరు పక్కనే ఉంది, మొన్న పిక్నిక్‌కి వెళ్లి కోతులకి అరటిపళ్లు పెట్టొచ్చారు. కొండపల్లి కోటా ఆయన గెలిచిందే, అది మా పక్క.

ఇప్పుడు చెడగొట్టిన కథ. బ్యానర్ల కాలంలో థియేటర్ ముందు నలభై అడుగుల కటౌట్ నిలబెట్టేవాళ్లం. ముందు నుంచి చూస్తే హీరో, వెనక్కెళ్లి చూస్తే వెదురు బొంగులు, తాళ్లు, గోనెపట్టా. కటౌట్‌కి ముఖం ఒక్కటే ఉంటే చాలు. ఆ బుద్ధితోనే మా వీధి చివరింటి కుర్రాడి క్యాబినెట్ చేశా. ముందు భాగమంతా 3 మిల్లీమీటర్ల నల్ల అక్రిలిక్ షీటుతో మూసి, అంచులకి లారీ అద్దాలకి వాడే రబ్బర్ బీడింగ్ తొడిగా. అచ్చం అంతరిక్ష నౌక తలుపే. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. అప్పుడు మే నెల. కుర్రాడు ఆట మొదలెట్టాడు, పది నిమిషాలు కాకముందే స్క్రీన్ నల్లబడి మిషను ఆగిపోయింది. కరెంటు సరిగ్గా లేదన్నాం. ప్లగ్గు మార్చాం. మళ్లీ పది నిమిషాలు, మళ్లీ ఆగింది. నేను పైన చేయి పెట్టి చూస్తే ఇస్త్రీ పెట్టె మీద పెట్టినట్టుంది. నాలుగు స్క్రూలు విప్పి నా అంతరిక్ష తలుపు తీసి పక్కన పెట్టా. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

జరిగింది ఇది. లోపలి చిప్పు వేడి వంద డిగ్రీల దగ్గరికొస్తే తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి లాగుతాయి, వెనక ఫ్యాను, పైన ఉంటే పై ఫ్యానూ బయటికి తోస్తాయి. నేను ముక్కు మూశాను. ఇంకోటి గుర్తుంచుకోండి, ఫ్యాను చల్లదనం పుట్టించదు, గదిలో ఉన్న గాలినే తోస్తుంది. మన ఎండల్లో గది 40 డిగ్రీలుంటే లోపల అంతకంటే చల్లగా ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అవదు. బెంగళూరు కుర్రాడి వీడియో చూసి మీరూ అలాగే మూసేస్తే మేలో ఏడుస్తారు.

తలుపు పారేయలేదు లెండి. లారీ నంబర్ ప్లేట్ల వెనక పెట్టే బుష్షులు నాలుగు తెచ్చి, షీటుని క్యాబినెట్ నుంచి 15 మిల్లీమీటర్లు ముందుకు జరిపి బిగించా. చుట్టూ ఉన్న సందులోంచి గాలి వెళ్తుంది, ఆ సందులో నీడ పడి తలుపు గాల్లో తేలుతున్నట్టుంటుంది. మొదటిదానికంటే ఇదే బాగుందన్నారు. మీదీ అలాగే చేద్దాం. లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే ఒకటి ఎక్కువుంటే, లోపల గాలి ఒత్తిడి కాస్త పెరిగి, సందుల్లోంచి దుమ్ము దూరదు. లాగే ఫ్యాన్ల ముందు దోమతెర గుడ్డ ముక్క బిగించండి, నెలకోసారి ఉతకండి. మీ ఊళ్లో దుమ్ముతో పాటు మిరపకాయ ఘాటు కూడా ఉంటుంది కదా!

ఇక 1526 పక్క. ఇది నాకు ఇష్టమైన పని, కాస్త ఓపిగ్గా చదవండి. యాభై రూపాయల కొత్త నోటు తిప్పి చూడండి, నీలం రంగుది. హంపి రాతి రథం ఉంటుంది. ఆ రథమే మన కుడి పలక మీదకి రావాలి. ప్రింట్ తీయించుకోవచ్చు కానీ మా మేస్త్రి చూస్తే కొడతాడు. బ్యానర్లు గీసే పద్ధతి చెబుతా. ఓహెచ్‌పీ షీటు, అంటే అవతలిది కనిపించే ప్లాస్టిక్ కాగితం, ముక్క ఒకటి నోటు మీద పెట్టండి, నోటు మీద మాత్రం గీతలు గీయకండి. షీటు మీద సన్న పెన్నుతో 5 మిల్లీమీటర్లకొక గీత, నిలువుగా, అడ్డంగా. రేకు పలక మీద చాక్‌పీసుతో 4 సెంటీమీటర్లకొక గీత. అంటే ఎనిమిది రెట్లు. ఇప్పుడు రథాన్ని చూడొద్దు, ఒక్క గడినే చూడండి. ఈ గడిలో గీత ఎక్కడ లోపలికొచ్చింది, ఎక్కడ బయటికెళ్లింది, అంతే. అదే గడిలో అక్కడా పెట్టండి. చక్రం గీస్తున్నామనుకుంటే చేయి వణుకుతుంది, మూడు గళ్లు దాటే గీత అనుకుంటే వణకదు. నలభై అడుగుల ముఖాలు కూడా అలాగే గీశాం. కన్ను గీసేవాడికి అది ఎవరి కన్నో దించాక గానీ తెలిసేది కాదు.

రాయిలా కనిపించాలంటే బూడిద రంగు ఒక్కటే వేస్తే సిమెంటు గోడలా ఉంటుంది. మూడు బూడిదలు కలపండి, ఒకటి కాస్త పసుపు తిరిగినది, ఒకటి నలుపు తిరిగినది, ఒకటి మామూలుది. స్పాంజి ముక్కతో అద్దుతూ పోండి, రుద్దకండి. ఆరాక పల్చటి నలుపు పూసి వెంటనే బట్టతో తుడిచేయండి. గీతల్లో నలుపు మిగులుతుంది, పైన పోతుంది. అయిదొందల ఏళ్ల రాయి మీ ముందుంటుంది.

రేకు సంగతి లారీ వేరు, క్యాబినెట్ వేరు. క్యాబినెట్ రేకు పల్చన, చాలావాటికి జింకు పూత ఉంటుంది. దాని మీద నేరుగా రంగు వేస్తే ఏడాది తిరక్కుండా పొరలు పొరలుగా లేస్తుంది. 400 నంబర్ వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ మెరుపు పోయేదాకా రుద్దాలి. సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. జింకు రేకు మీద పట్టే ప్రైమర్ కావాలని అడిగి కొనాలి. ఆ తర్వాత పల్చగా మూడు పూతలు. ఒక్కటే మందంగా కొడితే కారిపోతుంది, కారినదాన్ని మళ్లీ రుద్దాల్సింది నేనే.

వేళ కూడా చూడాలి. మిట్టమధ్యాహ్నం కొడితే రంగు గన్ను లోంచి రేకు దాకా వెళ్లేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టుంటుంది. ముసురు పట్టిన రోజు కొడితే ఇంకో కష్టం. థిన్నర్ ఎగిరిపోతూ రేకుని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ రంగు మీద దిగుతుంది, నిగనిగలాడాల్సిన నలుపు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఒకసారి తుపాను ముందు రోజు ఓనరు తొందర పెడితే లారీ క్యాబిన్ మొత్తం అలా తెల్లబడింది, మూడు రోజుల పని మళ్లీ చేశా. అందుకని పొద్దున ఏడు నుంచి తొమ్మిది, పొడిగా ఉన్న రోజు చూసుకుని. గన్ను నేనే పడతా. మీరు మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడాలి, ఆ వాసన పీల్చేది కాదు.

ఎక్కడ రంగు వేయకూడదో కూడా చెప్పాలి. మదర్‌బోర్డు బిగించే ఇత్తడి బొడిపెలు, ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి సామానుకి కరెంటు అందించే పెట్టె) స్క్రూలు కూర్చునే చోట్లు, వీటికి మాస్కింగ్ టేపు వేసి ఉత్త లోహంగా వదిలేయాలి. డబ్బాకి ఎర్త్ అందేది అక్కడే, రంగు మధ్యలో అడ్డం పడకూడదు. మీ బ్రాడీపేట ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందని అంటుంటారు కదా, ముందు ఆ ప్లగ్గుకి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించమని మీ నాన్నకి చెప్పండి. రంగు తర్వాత సంగతి.

ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. రంగు వేయాలనిపించినా వద్దు.

రంధ్రం ఏదైనా కోయాల్సొస్తే, ఫ్యానుకి గానీ వైరుకి గానీ, ఒక్క సామాను లోపల లేకుండా చూసుకుని కోయాలి. ఇనుప రజను కంటికి కనిపించదు, బోర్డు మీద ఒక్క రవ్వ పడినా రెండు గీతలు కలిపేస్తుంది, అంతటితో బోర్డు పోతుంది. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేసి బీడింగ్ తొడగాలి, లేకపోతే వేలు తెగుతుంది. గాజు పలకకి మాత్రం డ్రిల్లు ఆలోచనే వద్దు. అది టెంపర్డ్ గాజు, కొన పెడితే పలకంతా పప్పుల్లా రాలుతుంది. విప్పాక టైల్స్ నేల మీద నిలబెట్టకండి, దుప్పటి మడతపెట్టి దాని మీద పడుకోబెట్టండి.

2504 పక్కకి ఎక్కువ చెప్పను, అది మీ కాలం. ఒక్క సలహా. లోపల రంగురంగుల లైట్లన్నీ వెలిగిస్తే తిరునాళ్లలో జెయింట్ వీల్‌లా ఉంటుంది. ఒకే రంగు ఎంచుకోండి. 2504 అని అంకెలు నల్ల స్టిక్కరు షీటులో కోయించి (షాపువాళ్లు రేడియం అంటారు, అందులో రేడియం ఏమీ ఉండదు), పాల రంగు అక్రిలిక్ ముక్క మీద అంటించి, అంకెల భాగం మాత్రం ఊడదీయండి. వెనక ఎల్‌ఈడీ పట్టీ. పట్టీని అక్రిలిక్‌కి ఆనించకండి, మూడు వేళ్ల దూరం ఉంచండి. లేకపోతే అంకెలకి బదులు చుక్కలు చుక్కలుగా దీపాలే కనిపిస్తాయి. పట్టీ కొనేటప్పుడు 5 వోల్టులదా, 12 వోల్టులదా అని అడగండి. మూడు సూదులది 5, నాలుగు సూదులది 12. అయిదుదాన్ని పన్నెండులో బలవంతంగా గుచ్చితే క్షణంలో మాడిపోతుంది.

ఆ గాజు వెనక, కింద ఖాళీగా ఉన్న చోట అమ్మమ్మ షోకేసులోని కొండపల్లి అంబారీ ఏనుగుని పెడదామా? తెల్లపొణికి చెక్క, బరువు లేదు, కరెంటు పారదు. హంపి రథం ముందు కూడా రెండు ఏనుగులే ఉన్నాయి. అందులో ఒకటి కుడి పక్క 1526 లోంచి దారి తప్పి ఈ పక్క 2504లో తేలిందన్నమాట. అమ్మమ్మని ఇంకా అడగలేదు. మీరు అడగండి, నేనడిగితే ఇవ్వదు.

ఆదివారం రండి. బస్సులో తెచ్చేట్టయితే లోపలి సామానంతా విప్పి ఇంట్లోనే పెట్టి, ఉత్త డబ్బా తీసుకురండి. విప్పేముందు ప్రతి వైరునీ ఫోన్లో ఫొటో తీసుకోండి. స్క్రూలు ఏ భాగంవి ఆ భాగానికి వేరువేరు మందు సీసాల్లో వేసి పేరు రాయండి. అలాగే యాభై నోటు ఒకటి కొత్తది తెండి. నా జేబులో ఉన్నవన్నీ మడతలు పడి రథం చక్రం ఆనవాలు తెలియడం లేదు.

మీ తాతయ్య