ధవళేశ్వరం పట్టాలు, రూర్కీ ఇంజను: అపోహలు - వాస్తవాలు

ఇరిగేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి రైళ్ల చరిత్రను కూడా ఎస్టిమేట్ కళ్లతోనే చూస్తాను. ఆనకట్టల కోసం, కాలువల కోసం వేసిన పట్టాల గురించి ఆన్‌లైన్‌లో కనిపించే మాటలు కొన్ని సరిచేయాలనిపించింది.

అపోహ: మన దేశంలో మొట్టమొదటి రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణేకి నడిచింది.

ప్రయాణికుల రైలు అంటే ఒప్పుకుంటాను. కానీ మనుషులకంటే ముందు పట్టాలెక్కినవి రాయి, మట్టి. 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్ల పనికి రాయి మోశారు. 1840ల్లో గోదావరి ఆనకట్ట కట్టిన ధవళేశ్వరం, 1851లో ఉత్తరాదిన గంగా కాలువ పని జరిగిన రూర్కీ. (పోటీ పరీక్షలో మాత్రం బొంబాయి-ఠాణే అనే రాయండి, మార్కు పోగొట్టుకోకండి.)

అపోహ: ధవళేశ్వరం రైలు 1845లో మొదలైంది.

ఈ సంవత్సరం చాలాచోట్ల కనిపిస్తుంది, నాకు మాత్రం నమ్మబుద్ధి కాదు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదనలు పంపింది 1844, 1845ల్లో. లండన్ నుంచి మంజూరు వచ్చింది 1846 డిసెంబరులో. పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. శాంక్షన్ రాకముందే ఇనుము కొని పట్టాలు పరిచే ఇంజనీరు ఉంటాడా? అప్పుడైనా ఇప్పుడైనా ఆడిట్ ఊరుకోదు. 1845 అన్నది ప్రతిపాదన నాటి సంవత్సరం అయ్యుంటుందని నా లెక్క.

అపోహ: రాయి తీసే కొండ పక్కనే ఉంది కదా, ఎడ్లబండ్లు చాలు. పట్టాలు దొరల దర్జా కోసం.

పనితో పరిచయం లేనివాళ్లు అనే మాట ఇది. ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకలతో కలిపి ఒడ్డు నుంచి ఒడ్డుకు సుమారు 6 కిలోమీటర్లు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలు, వాటికి అడ్డంగా కట్టాల్సింది 12 వేల అడుగుల దాకా. అడుగున గట్టి రాయి లేదు, అంతా ఇసుక. ఆ ఇసుక మీదే నిలిచేలా కాటన్ గుట్టలకొద్దీ రాయి పోయించాడు. అంటే ఇక్కడ అసలు సమస్య కట్టుబడి కాదు, రాయి మోత.

పైగా టైమ్ లేదు. వరద తీసిన దగ్గర్నుంచి జూన్ దాకానే వర్కింగ్ సీజన్. సగంలో ఆగిన పనిని గోదావరి తీసుకుపోతుంది. ఇసుకలో బండి చక్రం దిగబడితే ఎడ్లు ఎంతని లాగుతాయి? అవే ఎడ్లు పట్టాల మీద ఎన్నో రెట్లు బరువు లాగుతాయి. మా ఎస్టిమేట్లలో లీడ్ అని ఒక ఐటమ్ ఉంటుంది, సామాను ఎంత దూరం మోయాలి అన్న లెక్క. ధవళేశ్వరంలో లీడ్ తక్కువే. కానీ ట్రిప్పులు లెక్కలేనన్ని, మధ్యలో పాయలు. అందుకే పట్టాలతో పాటు పడవలు కూడా వాడారు.

అపోహ: పట్టాలున్నాయంటే పొగబండి ఉన్నట్టే.

ధవళేశ్వరంలో బండ్లు కదిలింది కూలీల, పశువుల బలంతోనే. వేలమంది పనిచేశారు. వాళ్లను సమీకరించి నడిపించడంలో కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పాత్ర గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిందే.

ఆవిరి ఇంజను వచ్చింది రూర్కీకి. గంగా కాలువ సోలానీ నది లోయ దాటాలి. అందుకు ఆ కాలువ ఇంజనీరు ప్రోబీ కాట్లీ 50 అడుగుల ఖానాలు (ఆర్చీలు) 15 ఉన్న అక్విడక్టు, అంటే కాలువ నీళ్లను నది మీదుగా దాటించే వంతెన, దానికి అటూ ఇటూ పొడవాటి మట్టికట్టలు కట్టించాడు. మట్టి మోతకు ఇంగ్లండు నుంచి తెప్పించిన ఇంజనుకు లెఫ్టినెంట్ గవర్నర్ పేరు మీద 'థామసన్' అని పేరు పెట్టారు. ఫొటోల్లో, పోస్టుల్లో దానిదే హడావిడి. నిజానికి అది పని చివర్లో వచ్చి కొన్నాళ్లే నడిచింది. ఎక్కువ మట్టి కదిలింది మనుషుల చేతులమీదే. కాలువ 1854 ఏప్రిల్‌లో తెరిచారు.

అపోహ: కాటన్ దొరకు రైళ్లంటే గిట్టదు.

సగం నిజం. ప్రభుత్వం రైళ్లకు ధారపోసే డబ్బుతో పడవలు తిరిగే కాలువలు తవ్వితే సరుకు రవాణా చౌక అవుతుంది, పొలాలకు నీళ్లూ వస్తాయి అని ఆయన జీవితాంతం వాదించాడు. కానీ రెడ్ హిల్స్ పట్టాల వెనుక ఉన్నదీ ఆయనే, ధవళేశ్వరంలో వేయించిందీ ఆయనే. పనిముట్టుగా పట్టాల మీద ఆయనకు కోపమేమీ లేదు.

అపోహ: ఆ పట్టాలే తర్వాత మామూలు రైల్వే లైన్లు అయ్యాయి.

కాలేదు. అవి సెంట్రింగ్ కర్రల్లాంటివి, పని అయ్యాక తీసేయడానికే వేసినవి. రాజమండ్రి దగ్గర గోదావరి దాటే రైలు వంతెన, మనం హేవ్‌లాక్ బ్రిడ్జి అని పిలిచేది, 1900లో గానీ రాలేదు. అప్పటికి ఆనకట్ట కట్టి 48 ఏళ్లు.