స్పేసర్ వేస్తే చక్రం ఊడిపోతుందా? మా బామ్మర్ది స్విఫ్ట్ పుణ్యమా అని కొంచెం ఫిజిక్స్

మా బామ్మర్ది పోయిన నెల తన స్విఫ్ట్‌కి వీల్ స్పేసర్లు వేయించుకొని వచ్చినాడు, 25 మిల్లీమీటర్లవి, నాలుగు చక్రాలకీ. వెనకనుంచి చూస్తే పశువుల పండగలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన గిత్త మాదిరి ఉండాది బండి, అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగానే ఉంది. "ఏం బావా, ఈ శనివారం దీంట్లోనే తిరుమల కొండకి పోదామా" అన్నాడు. పోదాం గానీ ముందు రెండ్రోజులు ఊర్లో తిప్పి, ఆ తర్వాత చక్రాలు విప్పి చూసి పోదాం అన్నా. మొహం మాడ్చుకున్నాడు.

స్పేసర్ అంటే ఏం లేదు, హబ్‌కీ (చక్రం బిగించే, దాంతోపాటే తిరిగే లోపలి దిమ్మ) రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ల. పల్చటివి 3, 5 మిల్లీమీటర్లు ఉంటాయి, అవి కంపెనీ స్టడ్ల (హబ్ నుంచి పొడుచుకొచ్చే, నట్లు పట్టే మర కడ్డీలు) మీదనే కూర్చుంటాయి. మందంవి 20, 25 ఉంటాయి, వాటిని ముందు హబ్‌కి నట్లతో బిగించి, బిళ్లకే ఉండే సొంత స్టడ్ల మీద చక్రం బిగిస్తారు. అడాప్టర్ కూడా ఇట్లాంటిదే, కాకపోతే రంధ్రాల లెక్క మారుస్తుంది. స్విఫ్ట్‌కి 100 మిల్లీమీటర్ల వలయం మీద 4 రంధ్రాలు, క్రెటాకి 114.3 మీద 5, ఆ రిమ్ము ఈ బండికి కావాలంటే మధ్యలో అడాప్టర్ పడాల్సిందే.

మనలో చానామంది చక్రాన్ని మోసేది స్టడ్లే అనుకుంటారు, గోడకి మేకు కొట్టి చొక్కా తగిలించినట్టు. కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరు బ్యాండు లాగా రవ్వంత సాగుతుంది, వెనక్కి పోవాలని లాగుతుంది, ఆ లాగుడుతో రిమ్ము హబ్‌కి అదుముకుంటుంది. రెండు లోహాల మధ్య పుట్టే ఆ ఒరిపిడే బండి బరువునీ బ్రేకునీ మోసేది. చిన్న లెక్క వేద్దాం. 12 మిల్లీమీటర్ల స్టడ్, 100 న్యూటన్ మీటర్ల బిగింపు అనుకుంటే ఒక్కో స్టడ్ దాదాపు 4 టన్నుల బలంతో లాగుతుంది, నాలుగూ కలిపితే 16, 17 టన్నులు. ఒరిపిడి గుణకం 0.15 వేసుకున్నా రెండున్నర టన్నుల పట్టు. ముందు చక్రం మీద పడే బరువు ఇంచుమించు మూడొందల కిలోలే, అంటే గుంతలో దబ్బుమని పడినా సరిపోయేంత మిగులు ఉన్నట్టే. ఆ 17 టన్నులు ఉన్నంతసేపు స్పేసర్ ఉన్నా లేకున్నా చక్రం యాడికీ పోదు.

అవి యాడికి పోతాయంటే, అసలు సంగతి అక్కడే ఉంది. అంత లాగుడుకీ స్టడ్ సాగేది ఎంతో తెలుసా, మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా కాదు, ఇంచుమించు తలవెంట్రుక మందం. అంటే మధ్యలో ఉండే పెయింటో తుప్పో మట్టో నాలుగు గుంతలకి నలిగి వెంట్రుకంత మందం తగ్గిందంటే చాలు, నట్టు ఒక్క పిసరు తిరక్కపోయినా బిగుతు మొత్తం పోతుంది. మామూలుగా హబ్‌కీ రిమ్ముకీ మధ్య ఒక్క అతుకే. స్పేసర్ పెడితే రెండు. పైగా మందం స్పేసర్లలో లోపలి నట్లు చక్రం వెనక దాక్కుంటాయి, చక్రం విప్పితేగాని కనపడవు. వంద కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ బిగించండి అని చెప్పేది అందుకే, అది విని బయటి నట్లు మాత్రం బిగించి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ.

పల్చటి వాటిది ఇంకో బాధ. నట్టు స్టడ్ మీద కనీసం స్టడ్ వ్యాసమంత పొడవు ఎక్కాలి, 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి 1.25 పిచ్ (ఒక్క చుట్టుకి నట్టు ముందుకి పోయే మిల్లీమీటర్లు) అయితే తొమ్మిదిన్నర చుట్లు. 5 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే అందులో నాలుగు చుట్లు గల్లంతు, పొడుగు స్టడ్లు వేయకపోతే మిగతా ఐదు చుట్ల మీదే అంతా వేలాడుతుంది. కొన్ని చోట్ల దీనికి ఉల్టా, మందం తక్కువైన స్పేసర్ బయటికి పాత స్టడ్లు పొడుచుకొస్తే గ్రైండర్ పెట్టి కోసేస్తారు, రేపు స్పేసర్ తీసేస్తే మామూలు చక్రం పట్టడానికి స్టడ్ మిగలదు అని ఒక్కరు చెప్పరు. ఇంక మధ్య రంధ్రం, అది హబ్ బొడ్డుకి సరిగ్గా పట్టాలి, వదులైతే చక్రం రవ్వంత పక్కకి కూర్చొని 80 దాటినాక స్టీరింగ్ వణుకుతుంది.

కొండ విషయానికి వస్తే, బిందె నడుం మీద పెట్టుకుంటే ఎంత దూరమైనా మోస్తాం, అదే చెయ్యి చాచి పట్టుకుంటే పది అడుగులకే భుజం పీకుతుంది. చక్రం 25 మిల్లీమీటర్లు బయటికి పోతే బేరింగ్ పరిస్థితి అదే. (బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు వేసినా ఇదే జరుగుతుంది, తిట్లు మాత్రం స్పేసర్‌కే.) స్టీరింగ్ తిరిగే గీత నుంచి టైరు మధ్యకి దూరం మారుతుంది కాబట్టి ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు దిగేది, ఆ హెయిర్‌పిన్ మలుపుల్లో లోడు బండి, బాడీ వాలినప్పుడు టైరు ఫెండర్‌కి గీసుకునే చప్పుడు మొదట వినిపించేది అక్కడే. పైగా దిగేటప్పుడు బ్రేకుల వేడి హబ్‌కి ఎక్కుతుంది, అల్యూమినియం ఉక్కు కంటే ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది, వేడికి బిగుతు పెరిగి అతుకు ఇంకాస్త నలిగి చల్లారినాక వదులవుతుంది.

అట్లని స్పేసర్ అంటేనే పాపం కాదు. పోర్షే వాళ్లు 911లో కొన్నిటికి 5 మిల్లీమీటర్ల స్పేసర్లు ఫ్యాక్టరీ ఆప్షన్‌గానే ఇచ్చినారు, పొడుగు బోల్టులతో సహా. వాళ్లు బండి మొత్తం లెక్కకట్టి వేసినారు, మనోళ్లు ఫొటో చూసి వేస్తారు, తేడా అదొక్కటే. మన దగ్గర చట్టం కూడా మార్పులకి అనుకూలం కాదు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ వివరాలకి తేడాగా బండి మార్చకూడదని చెప్పింది. ఇన్సూరెన్స్ వాడికి ఒక సాకు దొరికినట్టే.

సరే, శుక్రవారం సాయంత్రం రేణిగుంట దాకా రెండుసార్లు తిరిగొచ్చి, ఇంటి ముందే జాకీ పెట్టి టార్క్ రెంచ్ (మనం పెట్టిన బిగింపు రాగానే టిక్కుమనే పానా) తెచ్చి చూసినాం. బయటి నట్లు అన్నీ కరెక్టుగా టిక్కుమన్నాయి, వాడు నా వైపు చూసి నవ్వినాడు. చక్రం విప్పి లోపలివి పట్టుకుంటే వెనక ఎడమవైపు రెండు నట్లు టిక్కుమనేలోపు పావు చుట్టు తిరిగినాయి. బిళ్ల తీసి చూస్తే హబ్ మీద తుప్పు పొర అట్లనే ఉంది, వేసినాయన గుడ్డ పెట్టి కూడా తుడవలేదు.

కొండకి పాత చక్రాలతోనే పోయొచ్చినాం. ఇప్పుడు వాడు ఈటీ (రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా ఉండే దూరం, అది తగ్గితే చక్రం బయటికి వస్తుంది) 35 ఉండే రిమ్ముల కోసం తిరుగుతా ఉన్నాడు, కంపెనీ ఇచ్చేది 45 అయితే పది మిల్లీమీటర్లే బయటికి వస్తుంది, అతుకు కూడా ఒక్కటే. షాపుల్లో ఈటీ ఎంత అని అడిగితే సగం మంది సైజు చెప్తా ఉన్నారంట.