ల్యాబ్ సామాన్ల మార్కెట్: అపోహలు - వాస్తవాలు

మందుల కంపెనీల ల్యాబ్‌లకు, డయాగ్నస్టిక్ సెంటర్లకు సామాన్లు సప్లై చేసే పని మాది. "ఈ మార్కెట్ బాగా పెరుగుతోందట కదా, డీలర్‌షిప్ తీసుకోమంటారా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. పెరుగుతున్న మాట నిజమే. ఎక్కడ పెరుగుతోందన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు.

అపోహ: పెద్ద మెషిన్లు అమ్మితేనే డబ్బు.

వాస్తవం: ఒకసారి హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏవేవి ఎంతెంత ఉన్నాయో విడదీసి కొలిచే మెషిన్) కొన్న కంపెనీ మళ్లీ ఇంకోటి కొనడానికి ఏళ్లు పట్టొచ్చు. అది నడవాలంటే మాత్రం సి18 కాలమ్‌లు (శాంపిల్‌ను విడదీసే గొట్టాలు), వయల్స్ (శాంపిల్ పోసే చిన్న సీసాలు), 0.45 మైక్రాన్ ఫిల్టర్లు, సాల్వెంట్లు (శాంపిల్‌ను కరిగించి మెషిన్‌లో నడిపించే ద్రవాలు) కావాల్సిందే. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి ఫార్మా ఏరియాల్లో ఎటు వెళ్లినా రోజువారీ ఆర్డర్లు వీటికే. డయాగ్నస్టిక్ ల్యాబ్‌లలోనైతే కంపెనీవాళ్లు ఎనలైజర్‌ను (రక్తం లాంటి శాంపిల్స్‌ను టెస్ట్ చేసే మెషిన్) "ఫ్రీ"గా పెట్టి వెళ్తారు. ఇన్నేళ్లు మా రీఏజెంట్లే (టెస్టులకు వాడే రసాయనాలు) వాడాలి, నెలకు ఇన్ని టెస్టులకు తగ్గకూడదు అని అగ్రిమెంట్ రాయించుకుంటారు. శాంపిల్స్ పెద్దగా రాని చిన్న ఊళ్లో ఓనర్‌కి ఆ ఫ్రీ మెషినే పెద్ద టెన్షన్.

అపోహ: కొత్త ల్యాబ్‌లు వస్తేనే గిరాకీ.

వాస్తవం: ఒక్కోసారి ఒక్క మలినం చాలు. 2018లో బీపీ మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ (క్యాన్సర్ తేవచ్చని భయపడే నైట్రోసమైన్ రకం మలినం) బయటపడి, చాలా దేశాల్లో ఆ మందును వెనక్కి రప్పించారు. నానోగ్రాముల్లో ఉండే నైట్రోసమైన్లను హెచ్‌పీఎల్‌సీలో ఉండే మామూలు యూవీ డిటెక్టర్ పట్టలేదు. దాంతో ఉన్న ల్యాబ్‌లే ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదునూ పసిగట్టే మెషిన్లు) కోసం వెతికాయి. మా వ్యాపారంలో ల్యాబ్ నాణ్యతను తనిఖీ చేసే ఆడిటర్ అడిగే ప్రశ్నకున్న బలం ఏ ప్రకటనకూ లేదు.

అపోహ: ధరలు ల్యాబ్‌ల వాడకాన్ని బట్టే పెరుగుతాయి, తగ్గుతాయి.

వాస్తవం: 2008 చివర్లో హెచ్‌పీఎల్‌సీలో వాడే సాల్వెంట్ అసిటోనైట్రైల్‌కు ప్రపంచమంతా కటకట వచ్చింది. ల్యాబ్‌లు ఎక్కువ వాడినందుకు కాదు. అది అక్రిలోనైట్రైల్ తయారీలో పక్కన వచ్చే సరుకు. అక్రిలోనైట్రైల్ కార్లలో, ఎలక్ట్రానిక్స్‌లో వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌కు పోతుంది. మాంద్యంలో కార్ల అమ్మకాలు పడిపోయి, అక్రిలోనైట్రైల్ తయారీ తగ్గింది. బీజింగ్ ఒలింపిక్స్ సమయంలో గాలి కాలుష్యం తగ్గించడానికి చైనాలో ఫ్యాక్టరీలు ఆపారు. అమెరికాలో టెక్సాస్‌ను ఐక్ తుఫాను కొట్టి అక్కడి తయారీ కూడా దెబ్బతింది. కార్లు అమ్ముడుపోకపోతే మందుల ల్యాబ్‌లో సాల్వెంట్ దొరకదని ఎవరు ఊహిస్తారు! "మెథనాల్‌కి మారండి" అనడం తేలికే. మొబైల్ ఫేజ్ (మెషిన్‌లో పారే సాల్వెంట్) మారిస్తే మెథడ్‌ను (టెస్ట్ చేసే పద్ధతి) మళ్లీ వాలిడేట్ చేయాలి, అంటే అది సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేయాలి, మందు రిజిస్ట్రేషన్ కాగితాలూ మార్చాలి. అందుకే ధర ఎన్ని రెట్లయినా కొన్నారు.

అపోహ: అన్నీ ఇంపోర్టెడే.

వాస్తవం: కాలేజీ ల్యాబ్ సామాన్లలో చాలావరకు హర్యానాలోని అంబాలా నుంచే వస్తాయి.

అపోహ: కోవిడ్‌లో వచ్చిన ఊపు అలాగే ఉంటుంది.

వాస్తవం: అప్పుడు పిపెట్ టిప్స్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరానికి తగిలించే ప్లాస్టిక్ కొనలు) కోసం బతిమాలుకున్నవాళ్లే తర్వాత నిల్వలు తరిగేదాకా ఆర్డర్లు ఆపేశారు. ఆర్‌టీ-పీసీఆర్ కిట్లు పోగేసుకున్న డీలర్ల దగ్గర అవి ఎక్స్‌పైరీ దాటిపోయాయి. కొత్తగా వచ్చేవాళ్లు కంపెనీతో మాట్లాడేటప్పుడు కమీషన్ కంటే ముందు ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు వెనక్కి తీసుకుంటారో లేదో అడగండి. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి.