ధరల లెక్కలోంచి ఆహారాన్ని తీసేయాలా? జవాబు 1997లోనే ఉంది

వడ్డీ రేట్లు నిర్ణయించేటప్పుడు ఆహార ధరలను పక్కన పెట్టాలన్న వాదన చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. 2024 జులైలో కేంద్ర ఆర్థిక సర్వే ఆ మాట రాసింది. అదే ఏడాది నవంబరులో మంత్రి పీయూష్ గోయల్ వేదిక మీదే అన్నారు. రెపో రేటు (బ్యాంకులకిచ్చే అప్పుపై రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ) తగ్గించాలని, ఆహార ధరలను చూసి రేటు నిర్ణయించడం లోపభూయిష్టమని ఆయన వాదన. అంతకు కొద్ది రోజుల ముందే అక్టోబరు లెక్కలు వచ్చాయి. చిల్లర ద్రవ్యోల్బణం 6.21 శాతం, ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతం. 2025 ఆగస్టులో రిజర్వు బ్యాంకే చర్చాపత్రం విడుదల చేసి, ఆహారాన్ని ద్రవ్యోల్బణ లక్ష్యంలో ఉంచాలా వద్దా అని జనాన్ని అడిగింది.

పైకి ఇది సూచీల గొడవ. అసలు తగాదా మాత్రం డబ్బు మీద పెత్తనం ఢిల్లీలోని కేంద్రానిదా, ముంబయిలోని రిజర్వు బ్యాంకుదా అన్నది. అది అర్థం కావాలంటే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల కథ తెలియాలి.

1955లో కుదిరిన ఏర్పాటు ప్రకారం రిజర్వు బ్యాంకులో కేంద్రం ఖాతాలో శుక్రవారాల్లో 50 కోట్లు, మిగతా రోజుల్లో 4 కోట్ల రూపాయలు ఉండాలి. అంతకంటే తగ్గితే అడ్‌హాక్ బిల్లు, అంటే రిజర్వు బ్యాంకుకు కేంద్రం రాసిచ్చే స్వల్పకాల అప్పు పత్రం, దానంతటదే పుట్టేది, రిజర్వు బ్యాంకు ఖాతా నింపేది. తాత్కాలిక అవసరానికని పెట్టిన సదుపాయం ఇది. ప్రతిసారీ పార్లమెంటును అడగనక్కర్లేదు, మార్కెట్లో ఎవరినీ ఒప్పించనక్కర్లేదు. 1974 నుంచి దాని మీద వడ్డీ 4.6 శాతం దగ్గరే ఆగిపోయింది. అంత చవగ్గా, అంత తేలిగ్గా దొరికే డబ్బును ఏ ప్రభుత్వమైనా ఎందుకు వదులుకుంటుంది? లోటు పెరిగింది, కొత్త డబ్బు పెరిగింది. దాన్ని అదుపు చేయడానికి, సర్కారు అప్పులకు కొనుగోలుదారులను చూపించడానికి బ్యాంకుల మెడకు ఉచ్చు బిగించారు. 1991 నాటికి డిపాజిట్లలో ప్రతి వంద రూపాయల్లో 38.50 ఎస్‌ఎల్‌ఆర్ కింద (ప్రధానంగా సర్కారు బాండ్లలో పెట్టాల్సిన వాటా), 15 సీఆర్‌ఆర్ కింద (రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు) పోయేవి. మిగిలిన 46.50తోనే రైతుకైనా, చిన్న ఫ్యాక్టరీకైనా అప్పివ్వాలి. ఆ ఏడాది ఆగస్టులో టోకు ధరల ద్రవ్యోల్బణం 17 శాతం దరిదాపులకు వెళ్లింది.

1994 సెప్టెంబరు 9న రిజర్వు బ్యాంకు, ఆర్థిక శాఖ ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడు పీవీ నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి, సి.రంగరాజన్ గవర్నర్. ఆ ఆర్థిక సంవత్సరం చివరికి అడ్‌హాక్ బిల్లులు నికరంగా 6,000 కోట్లు మించకూడదు. మధ్యలో వరుసగా పది పనిదినాలకు మించి 9,000 కోట్లు దాటి ఉంటే, రిజర్వు బ్యాంకు మార్కెట్లో బిల్లులు అమ్మేస్తుంది. మూడేళ్లలో మొత్తం పద్ధతికే స్వస్తి. 1997 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో పరిమితి, గడువు ఉన్న చేబదుళ్లు వచ్చాయి. ఇకపై కేంద్రం అప్పు కావాలంటే మార్కెట్‌కు వెళ్లాలి, మార్కెట్ అడిగిన వడ్డీ కట్టాలి.

1991 సంస్కరణల గురించి చెప్పేవాళ్లు లైసెన్సుల రద్దు దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో సామాన్యుడి పొదుపును కాపాడిన సంస్కరణ మాత్రం ఇదే. దీని తర్వాతే వడ్డీ రేటును స్వతంత్రంగా నిర్ణయించడానికి అర్థం వచ్చింది. 2006 ఏప్రిల్ నుంచి కేంద్రం కొత్త బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనకుండా, ప్రభుత్వ లోటుకు కళ్లెం వేసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ఆపింది. 2016లో ద్రవ్యోల్బణానికి 4 శాతం లక్ష్యం, అటూఇటూ 2 శాతం హద్దు చట్టబద్ధంగా వచ్చాయి.

అడ్‌హాక్ బిల్లులకు ముగింపు పలుకుతున్నట్టు 1997 బడ్జెట్‌లో ప్రకటించింది పి.చిదంబరం. 2012 అక్టోబరులో రెపో రేటు తగ్గించనందుకు, వృద్ధి కోసం ఒంటరిగా నడవాల్సి వస్తే ప్రభుత్వం ఒంటరిగానే నడుస్తుందన్నదీ ఆయనే. అప్పటి గవర్నర్ దువ్వూరి సుబ్బారావు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక కార్యదర్శిగా పనిచేసినవారు, రేటును 8 శాతం దగ్గరే ఉంచారు. కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా చౌక డబ్బు మీద మోజు పుడుతుంది. పార్టీలతో దానికి పనిలేదు.

ఆహారాన్ని తీసేయాలనేవారి వాదనలో కొంత నిజముంది. వర్షం ఎగ్గొట్టి టమాటా ధర పెరిగితే రెపో రేటు పంట పండించదు. పేదలకు కూపన్లో నగదో ఇస్తే మేలంటుంది సర్వే. కానీ 2012ను ఆధార సంవత్సరంగా తీసుకున్న చిల్లర ధరల సూచీలో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం. ఇంటి ఖర్చులో అంత భాగాన్ని వదిలేసి ధరలు అదుపులో ఉన్నాయంటే కూలి పెంచమని అడిగే మనిషి నమ్మడు.

పైగా ఆహార ధరలను ప్రభుత్వానికి వదిలేస్తే ఏం చేస్తుందో చూశాం. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. తెల్ల బియ్యం ఎగుమతికి పెద్ద రేవైన కాకినాడకు ఆ సరుకు రాక ఆగింది. ఆగస్టులో ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం. పట్నంలో ధర దించడానికి రైతు చేతికి రావాల్సిన డబ్బును ఆపేశారు.

2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. ఆహారం చవకవడమే దానికి ప్రధాన కారణం. ధరలు పెరిగినప్పుడు ఆహారాన్ని లెక్కలోంచి తీసేయమన్నవారు, తగ్గినప్పుడు అదే అంకెను గొప్పగా చూపించకూడదు.

2022లో వరుసగా మూడు త్రైమాసికాలు సగటు ద్రవ్యోల్బణం 6 శాతం దాటింది. చట్టం ప్రకారం కారణాలు వివరిస్తూ రిజర్వు బ్యాంకు నవంబరులో కేంద్రానికి లేఖ రాసింది. దాన్ని బయటపెట్టలేదు. 2025 చర్చాపత్రం ఏ సూచీని లక్ష్యంగా పెట్టాలి, 4 శాతం సరైనదేనా, హద్దులు మార్చాలా, ఒకే అంకె బదులు హద్దులే ఉంచాలా అని నాలుగు ప్రశ్నలు అడిగింది. లక్ష్యం తప్పినప్పుడు రాసే లేఖను ప్రజల ముందు పెట్టాలా అన్నది వాటిలో లేదు.